తొందరపడి అమ్మిన ఆట

ఒసాకాలోని ఒక వీడియో గేమ్ కంపెనీలో కువబాత ఏళ్ల తరబడి బొమ్మలకు ప్రాణం పోశాడు. కొత్త ఆట ఇంకా పూర్తికాలేదని, కొంత గడువిమ్మని యజమాని ఇసోగాయ్‌ని బతిమాలాడు.

"ముందు అమ్ముదాం కువబాత గారూ, లోపాలకు అతుకులు తర్వాత వేద్దాం," అన్నాడాయన.

అమ్మారు. ఆటలో వంతెన ఎక్కిన వీరుడల్లా దానిలోంచి జారి అగాధంలో పడ్డాడు. కొన్నవాళ్లు దుమ్మెత్తిపోశారు. అతుకులు వేయకుండానే ఇసోగాయ్ కంపెనీ మూసేశాడు.

కంపెనీ కట్టడి వల్ల తను ఏ ఆట చేస్తున్నాడో కువబాత ఇంట్లో చెప్పలేదు. ఒక ఆదివారం కూతురు మివా స్నేహితురాలి దగ్గర్నుంచి ఆ ఆటే తెచ్చుకుంది.

"ఛీ, ఏం చెత్త! నాన్నా, ఇది నువ్వు చేసింది కాదు కదా?"

"కాదు తల్లీ."

"నాకు తెలుసులే. నువ్వయితే ఇలా చెయ్యవు."

కువబాత తల ఎత్తలేకపోయాడు.