పెట్టెలో లేనిది

ఆ ఫోన్ల షాపులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు. మేనేజరు దగ్గర్నుంచి అద్దాలు తుడిచే ఆవిడ దాకా అందరికీ ఆమె చిలకే. కౌంటరు వెనక నిలబడిందంటే చాలు, ఊపిరి కూడా తీసుకోకుండా పలుకుతుంది మరి. కెమెరా ఎంత, మెమొరీ ఎంత, చేయి జారి కింద పడితే ఏమవుతుంది, నీళ్ళలో పడితే ఏమవుతుంది, అంతా కంఠతా వచ్చు. కొనడానికి కాదు, ఊరికే చూసిపోదామని వచ్చినవాళ్ళు కూడా సంచీ పట్టుకుని బయటికి వెళ్ళేవాళ్ళు.

ఆమె పలుకులన్నిట్లోకీ మేనేజరు నెత్తిన పెట్టుకున్నది చార్జరు పలుకు.

కొన్నేళ్ళ కిందట ఫోను కొంటే చార్జరు పెట్టెలోనే ఉండేది. ఉండక ఎక్కడికి పోతుంది? పొయ్యి కొంటే బర్నరు విడిగా కొనుక్కోమంటే ఊరుకుంటామా? కానీ ఏమైందో ఏమో, ఒకరోజు కంపెనీలవాళ్ళకి భూమి మీద ఎక్కడలేని జాలి పుట్టుకొచ్చింది. అందరిళ్ళలోనూ చార్జర్లు మూలుగుతున్నాయట, మళ్ళీ ఇంకోటి ఇస్తే చెత్త పెరిగిపోతుందట. అందుకని తీసేశారు. తీసేసి, అదే చార్జరుని పక్క అరలో వేరే పెట్టెలో పెట్టి అమ్మారు. ఆ పెట్టె మాత్రం చెత్త కాదు కాబోలు!

అలాగని అది పూర్తిగా అబద్ధమూ కాదు. "మా ఇంట్లో అరడజను పడున్నాయమ్మా, ఇవ్వకపోవడమే మంచిది" అనేవాళ్ళూ వచ్చేవాళ్ళు. చిక్కల్లా మిగతావాళ్ళతోనే. కొనేముందు చార్జరు రాదని చెబితే, "అదేం చోద్యం?" అని గొడవకు దిగేవాళ్ళు, సగంమంది విసురుగా వెళ్ళిపోయేవాళ్ళు. దానికి చిలక ఒక ఉపాయం కనిపెట్టింది. ముందు చెప్పకూడదు. చార్జరు ఉందా అని అసలు అడగకూడదు, అడిగితే ఆలోచిస్తారు. బిల్లు కొట్టాక, పెట్టె మూత వేస్తూ, నవ్వుతూ, "చార్జరు ఎలాగూ ఇంట్లో ఉంటుంది కదండీ" అనేయాలి. అంతే. ఎదుటి మనిషి తల ఊపుతాడు. వందమందిలో తొంభైతొమ్మిది మంది ఊపుతారు. మేనేజరు ముచ్చటపడి, కౌంటర్లో ఉండే మిగతా నలుగురికీ దాన్ని నేర్పించమన్నాడు. నేర్పింది కూడా.

మోసం చేస్తున్నానని చిలక ఎప్పుడూ అనుకోలేదు. తన ఇంట్లో టీవీ కింద అరలో చార్జర్లు ఆరున్నాయి, తీగలన్నీ చిక్కుపడిపోయి. తన ఇంట్లో ఉన్నాయి కాబట్టి లోకంలో అందరిళ్ళలోనూ ఉంటాయనుకుంది. అదీ ఆమె చేసిన తప్పు.

మంగళవారం పదకొండింటికి ఒకావిడ వచ్చింది. నలభై దాటి ఉంటాయి. భుజాన కొలతల టేపు వేలాడుతూనే ఉంది, తీయడం మర్చిపోయినట్టుంది. చీర అంచుకి తెల్లదారం ముక్కలు అతుక్కుని ఉన్నాయి. బట్టలు కుట్టే ఆవిడ అని చూడగానే తెలిసిపోయింది.

"అమ్మాయ్, మాట బాగా వినబడే ఫోను కావాలి. తక్కువలో చూడు" అంది.

"తక్కువలోనే చూపిస్తానక్కా. ఫొటోలు ఎక్కువ తీస్తారా, వీడియోలు చూస్తారా?"

"అవేం వద్దు తల్లీ. ఒక్క ఫోను కాల్ రావాలి నాకు. అది వస్తే చాలు."

చిలకకి నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు. తమ్ముడికి రెండు కిడ్నీలూ పోయాయట. బస్సు డిపోలో మెకానిక్కుగా చేసేవాడు, ఇప్పుడు వారానికి మూడుసార్లు ఆసుపత్రిలో రక్తం శుభ్రం చేయించుకోవడంతోనే సరిపోతోందట. కిడ్నీ కోసం పేరు రాయించి రెండున్నరేళ్ళు. పోయిన నెలే ఆసుపత్రివాళ్ళు చెప్పారట, మీ పేరు పైకొచ్చింది, ఏరోజైనా ఫోను చేస్తాం, చేసిన రెండు గంటల్లో ఇక్కడుండాలి అని. ఎత్తకపోతే అరగంట చూసి లిస్టులో తర్వాతివాళ్ళని పిలుస్తారట.

"పాత ఫోనులో అవతలివాళ్ళ మాట గొణుగుడులా వినిపిస్తోంది. ఇంటికంతటికీ ఇదొక్కటే ఫోను. ఆ ఒక్క కాల్ సరిగ్గా వినబడకపోతే నా తమ్ముడి గతేంటి, చెప్పు?"

చిలక మనసు కరిగింది. నిజంగానే కరిగింది. షాపులో అన్నిటికన్నా గట్టిగా మోగే ఫోను ఏరి ఇచ్చింది. మార్పిడిలో పాత ఫోను తీసుకుంటామంటే ఆవిడ చేతిసంచీలోంచి ఒక చిన్న గుడ్డసంచీ తీసింది. పూలగుడ్డతో తనే కుట్టుకున్నట్టుంది, మూతికి నాడా కూడా ఉంది. "ఇందులోనే ఉంది అంతా" అని ఇచ్చేసింది. చిలక సిమ్ము ఒక్కటి తీసి, సంచీని అలాగే సొరుగులో పడేసింది. కొత్త ఫోనులో సిమ్ము వేసి, శబ్దం పూర్తిగా పెంచి, ఆవిడ ముందే మోగించి చూపించింది. బిల్లు అయింది. వెనక నలుగురు నిలబడి ఉన్నారు. ఒకాయన చేతిగడియారం చూసుకుంటున్నాడు.

పెట్టె మూత వేస్తూ చిలక నవ్వింది. "చార్జరు ఎలాగూ ఇంట్లో ఉంటుంది కదక్కా."

ఆవిడ ఒక్క క్షణం చిలక మొహంలోకి చూసింది. వెనక్కి తిరిగి నలుగురినీ చూసింది. తల ఊపింది.

మర్నాడు మధ్యాహ్నం మూడు కావస్తుండగా మేనేజరు సొరుగు సర్దమన్నాడు. పాత ఫోన్లన్నీ లెక్కకట్టి గోదాముకి పంపాలి. చిలక పూలసంచీ నాడా లాగి బల్లమీద బోర్లించింది. బటన్ల ఫోను జారిపడింది. దాని వెనకాలే, చక్కగా చుట్టి రబ్బరుబ్యాండు వేసిన చార్జరు. సన్నగా గుండ్రంగా ఉండే పాతకాలపు పిన్ను.

ఇంటికంతటికీ ఒక్కటే ఫోను అంది ఆవిడ. అంటే ఆ ఇంట్లో ఉన్న ఒక్క చార్జరూ ఇదే. ఇదీ కొత్తదానికి దూరదు. కొత్తది కొన్నాక పాతదానితో ఏం పని అనుకుని, చార్జరుతో సహా ఇచ్చేసింది ఆ అమాయకురాలు. పెట్టెలో ఉన్నది తీగ ఒక్కటే, రెండు చివర్లా ఒకేలాంటి చిన్న మూతితో. పక్కింటివాళ్ళ పాత చార్జరు తెచ్చుకున్నా దాని బెజ్జం వెడల్పు, ఈ తీగ అందులో పట్టదు. పెట్టెలోంచి తీసినప్పుడు ఫోనులో చార్జింగు నలభై శాతం. నిన్న పదకొండు, ఇవాళ మూడు. ఛీ, నా బుద్ధి తగలెయ్య! అనుకుంది చిలక.

బిల్లు మీద నంబరు చూసి ఫోను చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఈసారి సగంలో తెగిపోయింది. మూడోసారి చేస్తే స్విచ్ ఆఫ్.

అరలోంచి సరైన చార్జరు ఒకటి తీసి, తన పేరు మీద బిల్లు కొట్టించి, మేనేజరు దగ్గరికి పరిగెత్తి జరిగిందంతా చెప్పింది. "సార్, గంటలో వచ్చేస్తా."

"షాపు నిండా జనం పెట్టుకుని గంటేంటి? ఎవరో ఆవిడ చార్జరు కొనుక్కోకపోతే మనకేంటి? ఉందని తల ఊపిందన్నావుగా?"

"ఊపేట్టు చేసింది నేను సార్."

"నువ్వేం చేశావ్? ఊళ్ళో ఇదొక్కటే షాపా? కాస్త ఆగు, వీళ్ళు తగ్గాక వెళ్దువుగాని."

అక్కడే మేనేజరు మాట లెక్కచేయకుండా వెళ్ళిపోయి ఉంటే? ఆ తర్వాత చిలక ఆ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకుందో. కానీ వెళ్ళలేదు. ఉద్యోగం భయం. ముగ్గురికి ఫోన్లు చూపించింది. ఏం చెప్పిందో ఆమెకే తెలియదు, నోరు దాని పని అది చేసుకుపోయింది. నాలుగు దాటాక ఇక ఆగలేక, సంచీ తగిలించుకుని బస్సెక్కేసింది.

బిల్లు మీద అడ్రసు పట్టుకుని వెతికితే, మూడంతస్తుల మెట్లెక్కాక దొరికింది ఇల్లు. తలుపు తీసే ఉంది. ఒకటే గది. కిటికీ దగ్గర కుట్టుమిషను, దాని మీద సగం కుట్టిన స్కూలు యూనిఫారం. మంచం అంచున తమ్ముడు చొక్కా బొత్తాలు పెట్టుకుని, ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చున్నాడు. మొహం ఉబ్బి ఉంది, చెప్పులు వేసుకునే ఉన్నాడు. అక్క తలుపు దగ్గరే చెప్పులు వెతుక్కుంటోంది, చేతిలో ఆ తెల్ల తీగ.

చిలకని చూడగానే ఆవిడ మొహం వెలిగింది. "నువ్వా అమ్మాయ్! మంచి సమయానికి వచ్చావు. మధ్యాహ్నం రెండుసార్లు మోగింది. వేలు ఎటు లాగాలో తెలియక చచ్చాను. అంతలో ఆరిపోయింది. కిందింటివాళ్ళు, పక్కవాళ్ళు అందరూ పనుల్లోకి పోయారు. సందు చివరి కొట్టువాడి చార్జరులో ఇది పట్టలేదు. ఆసుపత్రివాళ్ళే చేసుంటారని బయల్దేరుతున్నాం."

"అక్కా" అంది చిలక. "ఆ రెండుసార్లూ చేసింది నేను. మీ దగ్గర చార్జరు లేదని ఇవాళే తెలిసింది. అందుకని చేశాను."

ఆవిడ గోడకి ఆనుకుని, కళ్ళు మూసుకుని, పెద్దగా ఊపిరి వదిలింది.

"అమ్మయ్య! నువ్వా చేసింది? ప్రాణం లేచొచ్చిందమ్మా. అనవసరంగా హడలి చచ్చాం." తమ్ముడి వైపు తిరిగి, "ఒరేయ్, చెప్పులు విప్పరా, కూర్చో. ఏమీ పోగొట్టుకోలేదు" అంది. అతను కూడా నవ్వి సంచీ మంచం మీద పెట్టాడు. "చూశావా, మా అక్కకి అన్నిటికీ కంగారే" అన్నాడు చిలకతో.

చిలక గోడకున్న ప్లగ్గులో చార్జరు పెట్టి ఫోను తగిలించింది. ఖాళీ అయిన ఫోను వెంటనే లేవదు, రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆ కాసేపట్లో ఆకుపచ్చ గుర్తు మీద వేలు ఎలా లాగాలో తన ఫోనులో ఆవిడకి నేర్పింది. ఆవిడ చిన్నపిల్లలా నాలుగుసార్లు లాగి చూసింది. "ఓస్, ఇంతేనా!"

"లేదని నిన్నే చెప్పాల్సింది నీకు" అందావిడ, వేలు లాగుతూనే. "వెనక అంతమంది నిలబడ్డారు. అందరిళ్ళలోనూ ఉండేదే మా ఇంట్లో లేదని చెప్పడానికి సిగ్గేసింది. అదేమంత పెద్ద విషయమని."

చిలక వంగి, ప్లగ్గులో చార్జరుని ఇంకాస్త గట్టిగా నొక్కింది.

తెర వెలిగింది. కంపెనీ గుర్తు వచ్చింది, పోయింది. ఫోను ఒకసారి టింగుమంది. ఫోను ఆరిపోయి ఉన్నప్పుడు వచ్చిన కాల్స్ తాలూకు మెసేజీ, షాపు నంబరు నుంచి ఒకటి. "అదుగో, నాదే" అంది చిలక. మళ్ళీ టింగుమంది. మళ్ళీ. మళ్ళీ. ఈ మూడూ ఒకే నంబరు. మొదటిది మూడు ముప్ఫై అయిదుకి. రెండోది మూడు నలభై అయిదుకి. ఆఖరిది నాలుగింటికి.

ఆ నంబరు ఎవరిదో ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. కుట్టుమిషను పైన గోడకి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించి ఉంది.

ఆ నంబరు మీద చిలకే నొక్కింది. ఏరి ఇచ్చిన ఫోను కదా, అవతలి మాట గదంతా వినబడింది. ఎవరో అమ్మాయి, మెత్తటి గొంతు. చాలాసార్లు ప్రయత్నించామండీ, మీది స్విచ్ ఆఫ్ వచ్చింది. తర్వాతి పేషెంటుని పిలిచాం. ఆయన వచ్చేశారండీ, లోపలికి తీసుకెళ్తున్నారు. మీ పేరు లిస్టులోనే ఉంటుంది. మళ్ళీ ఎప్పుడన్నది మాత్రం చెప్పలేం.

"ఇప్పుడే బయల్దేరతాం తల్లీ, బయల్దేరే ఉన్నాం, చెప్పులు కూడా వేసుకునే ఉన్నాడు..." అంటూనే ఉంది అక్క. అవతల పెట్టేశారు.

తమ్ముడు నవ్వాడు, పొడిగా. "ఆయన ఫోనులో చార్జింగు ఉందన్నమాట" అన్నాడు. వంగి, మెల్లగా చెప్పులు విప్పుకున్నాడు.

"అక్కా, నన్ను తిట్టక్కా" అంది చిలక, ఏడుస్తూ. "నాలుగు తిట్టు. కొట్టు."

ఆవిడ తిట్టలేదు. ఏడవనూ లేదు. ఫోను దగ్గర కింద చతికిలబడి, తీగ ఊడిపోకుండా రెండు వేళ్ళతో పట్టుకుని కూర్చుంది. "దీన్ని ఎంతసేపు పెట్టి ఉంచాలమ్మా?" అని మాత్రం అడిగింది.

మర్నాడు షాపు తెరవగానే ఒక కుర్చీల వ్యాపారి వచ్చాడు. మంచి ఫోను కావాలన్నాడు. ఖరీదైనది. మేనేజరు తన గదిలోంచి తల బయటికి పెట్టి చూస్తున్నాడు. చిలక కెమెరా గురించి చెప్పలేదు, మెమొరీ గురించి చెప్పలేదు. పెట్టె ఇంకా తెరవనేలేదు.

"సార్, దీంతో చార్జరు రాదు. దీనికి సరిపోయేది మీ ఇంట్లో ఉందా?"

ఆయన వెనక ఇద్దరు నిలబడి ఉన్నారు. ఆయన వాళ్ళ వైపోసారి చూసి, తల ఊపాడు.

"తల ఊపకండి సార్" అంది చిలక. గొంతు షాపంతా వినబడింది. "నోటితో చెప్పండి."