నిద్రపోని లాప్‌టాప్

అమ్మమ్మ ఒళ్లో పెడితే ఏదైనా నిద్రపోవాల్సిందే. పేచీ పెట్టే పసిపిల్లల సంగతి సరే, చేతిగడియారం పొరపాటున జారి ఆ ఒళ్లో పడితే అదీ ఓ కునుకు తీసేది. అందుకే ఇంట్లో టైము చూసే పని తాతయ్యది. వీధిలో తల్లులు పొద్దున్నే పిల్లల్ని ఆవిడకు అప్పజెప్పి నిశ్చింతగా పనులకు పోయేవారు.

మనవరాలికైతే ఆ ఒడి లేనిదే కంటిమీద కునుకుండదు. ఇంట్లో ఆ పిల్లకు గుడ్లగూబ అని పేరు. ఇప్పుడు దూరాన ఓ కాలేజీలో, వంతెనలు కట్టడం నేర్పే చదువుకి సీటొచ్చింది. చిన్నప్పట్నించీ కోరుకున్నది అదే. కానీ రాత్రంతా మేలుకుంటే పొద్దున పాఠమేం బుర్రకెక్కుతుంది? వెళ్లకూడదనే మనసులో అనుకుంది. ఆ మాట పైకి అనలేక, కాలేజీవాళ్లు తెచ్చుకోమన్న లాప్‌టాప్ కొనడాన్ని సాగదీస్తోంది.

షాపులో ఆమె పెట్టే వంకలు చూసి తీరాలి. ఒకటి బరువు, ఇంకొకటి చిన్నది, వేరొకదాని రంగు బాలేదు.

"ఏదీ, ఇటివ్వు," అని అమ్మమ్మ ఒకదాన్ని ఒళ్లో పెట్టుకుంది. తెర ఆరిపోయి, లోపల ఫ్యాను గురక మొదలెట్టింది.

"మీ ఒళ్లో పెడితే అంతేగా అమ్మమ్మగారూ! చిన్నప్పుడు నేను పడుకోలేదూ?" అని నవ్వాడు షాపాయన.

అలా అన్నీ నిద్రపోయాయి. బూడిదరంగుది ఒకటి మాత్రం ఎంతసేపైనా వెలుగుతూనే ఉంది.

"మొండిఘటం! నన్నే తట్టుకుంది, నీ చదువు దీనికో లెక్కా?" అని అమ్మమ్మ మురిసిపోయింది.

చివరి వంక వెతుక్కుంటూ మనవరాలు దాన్ని తన ఒళ్లోకి లాక్కుంది. తెర చటుక్కున ఆరిపోయింది. సన్నగా గురక.

అమ్మమ్మ కళ్లు చెమర్చాయి. "నీకూ వచ్చేసిందటే!"

"అయితే మాత్రం? నా ఒళ్లో నేను పడుకోలేనుగా!"

"మరి నేనెలా పడుకుంటున్నాననుకున్నావే పిచ్చిదానా? తలగడని కాసేపు ఒళ్లో పెట్టుకుంటా. దానికి మత్తెక్కాక తల కిందికి చేర్చుకుంటా."

ఇంతమందిని జోకొట్టిన మనిషి ఇన్నేళ్లూ తలగడతో సరిపెట్టుకుందా! మనవరాలు లాప్‌టాప్‌ను షాపాయన ముందు పెట్టింది.

"ఇదే ఇవ్వండన్నా," అంది. "వచ్చే వారం ప్రయాణం."

"చదివేటప్పుడు బల్లమీద పెట్టుకోమ్మా," అన్నాడు షాపాయన, సంచి అందిస్తూ.

తిరుగు బస్సులో వెనక పొడుగు సీటు ఖాళీగా ఉంది. మనవరాలు సంచిని పక్కకు జరిపింది. "కాసేపు పడుకో అమ్మమ్మా."

"ఛ, నలుగురూ చూస్తారే," అంటూనే అమ్మమ్మ ఆ ఒళ్లో తల వాల్చింది. మరుక్షణం ఒళ్లెరగని నిద్ర.

వాళ్లు దిగాల్సిన చోటు వచ్చింది, దాటిపోయింది. కండక్టరు వచ్చి ఏదో అనబోతుంటే మనవరాలు వేలు పెదవులమీద పెట్టుకుంది.

"చివరిదాకా ఇవ్వండి," అంది గుసగుసగా.