దేవుడమ్మ కేక

కూర్మయ్యకు తోటలో ఎంత పరువుందో, ఆయన భార్య దేవుడమ్మకు అంత గొంతుంది. ఈ రెండింటికీ ఏనాడూ పొసగలేదు. ఆయన మలయాలోని ఆ రబ్బరు తోట ఆఫీసులో పెద్ద కిరాణి, అంటే హెడ్ గుమాస్తా. తెల్ల మేజోళ్లు మోకాళ్ల దాకా లాక్కుని, ఎండున్నా వానున్నా గొడుగు పట్టుకుని, దొరతో ఇంగ్లీషులో మాట్లాడే మనిషి. ఆవిడేమో కర్ఫ్యూ వేళ దగ్గరపడగానే పెరట్లో ముళ్లతీగె కంచె పక్కన నిలబడి, వాగవతల ఉన్న ఆఫీసుకు వినపడేలా "మావో...! ఓ మావో...!" అని కేక పెడుతుంది. కర్ఫ్యూ మొదలయ్యాక బయట కనపడితే కాల్చేసే రోజులు మరి. ఆ కేక ఆఫీసు దగ్గరే ఆగిపోతే బాగుండేది. వాగు దాటి, వెనక కమ్యూనిస్టు గెరిల్లాలు దాక్కున్న అడవిలోకి కూడా పోయేది.

"కిరాణి పెళ్లానివి. ఆ కూతలేటే? కూలోళ్లంతా నవ్వుతన్నారు" అని ఆయన విసుక్కునేవాడు.

"నువ్వు మాయమ్మ తమ్ముడివి. నాను పుట్టిన కాడ్నుంచీ మావవే. నిన్ను మనువాడినానని మావ కాకుండా పోతావేటి?" అని ఆవిడ అక్కడికక్కడే నోరు మూయించేది. న్యాయంగా చూస్తే మాట ఆవిడదే.

వీళ్ల ఒక్కగానొక్క కూతురు రత్నావతి సింగపూర్‌లో యూనివర్సిటీ చదువు చదువుతోంది. ఆ ఏడు, 1956లో, సెలవులకు బటాంగ్ బెర్జుంటై దగ్గరున్న ఈ తోటకు వస్తూ ఒక రేకుపెట్టె నిండా పుస్తకాలు తెచ్చుకుంది. డిగ్రీ కోసం ఆమె రాయాల్సిన పెద్ద వ్యాసం కమ్యూనిస్టు చైనా విదేశాంగ విధానం మీద. మలయాలోనూ ఇండోనేషియాలోనూ స్థిరపడిపోయిన చైనీయులను ఆ దేశం మా వాళ్లే అంటోందా, లేక మీరున్న చోటే ఉండండి అంటోందా? కిందటేడు బాండుంగ్ సభలో కుదిరిన పౌరసత్వ ఒప్పందానికి అసలు అర్థమేమిటి? చదివేకొద్దీ ఆమెకు అది వదలబుద్ధి కాలేదు.

"సీనావోళ్ల సంగతి తెలవాలంటే కడ తౌకేని అడగరాదేటి? దానికి సింగపూరెల్లాలా?" అంది దేవుడమ్మ. తౌకే అంటే తోట దగ్గర కొట్టు నడిపే చైనా షావుకారు.

"మన తౌకే పుట్టింది ఇక్కడే, క్లాంగ్‌లోనమ్మా. ఆయన చైనా మొహం చూడలేదు."

"మరింకేటి, అదే రాసీ lah!" అంది దేవుడమ్మ, అక్కడి మలాయివాళ్లలా మాట చివర 'lah' తగిలించి.

నిజానికి రత్నావతి రాస్తున్నది కూడా ఇంచుమించు అదే. కాకపోతే నూరు పేజీల్లో రాయాలి. పీకింగ్‌లో అచ్చయిన పుస్తకాలు ఇంట్లో ఉంటే జైలుకు పంపే కాలమది. ప్రొఫెసరు పూచీ పడి ఇప్పించాడు గానీ, సింగపూర్‌లో పడిన పూచీ ఈ తోటలో చెల్లుతుందో లేదో ఎవరికీ తెలియదు. పోలీసుల దగ్గర ఒక్కసారి పేరెక్కితే సర్కారు స్కాలర్‌షిప్పు ఊడినట్టే. నెలాఖరుకు వ్యాసం అందకపోతే డిగ్రీ కూడా లేదు. అందుకే పెట్టెను మంచం కిందికి తోసి, పైన పాత చీర కప్పి, టైపు మిషను చప్పుడుకు కూడా ఉలిక్కిపడుతూ పని చేసుకుంటోంది.

ఒక శనివారం మధ్యాహ్నం ఇంటి ముందు జీపు ఆగింది. దిగినవాడు పోలీస్ లెఫ్టినెంట్ క్రాస్బీ. ఇంగ్లండు నుంచి కొత్తగా వచ్చాడు, ముక్కు ఎండకు ఎర్రగా పొక్కిపోయి ఉంది. వెనకే కార్పొరల్ దావుద్. దావుద్ ఏళ్ల తరబడి తోట గేటు దగ్గర కాపలా ఉన్నవాడే, దేవుడమ్మ చేతి అప్పాలు తిన్నవాడే. ఇవాళ మాత్రం ఆవిడ వంక చూడలేక తల దించుకున్నాడు.

వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. పెట్టె బయటికొచ్చింది. క్రాస్బీ ఒక్కో పుస్తకం అట్ట చూసి పక్కన పడేశాడు. తర్వాత టైపు చేసిన కాగితాలు తిరగేశాడు.

"మావో. ఇక్కడ మావో. ఇక్కడా మావోనే."

"చైనా విదేశాంగ విధానం గురించి రాస్తూ ఆ పేరు లేకుండా ఎలా రాయమంటారు?" అంది రత్నావతి. బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. "ఇది పరిశోధన. మా ప్రొఫెసర్‌కు ఫోన్ చేసి కనుక్కోండి."

"పరిశోధన పుస్తకాల్లో చేస్తారు, మిస్. సాయంత్రం పూట అడవి వైపు కాదు."

"అంటే?"

"నా చెవులతో నేను విన్నాను. రోజూ వింటున్నాను. మిగతాది స్టేషన్‌లో మాట్లాడుకుందాం. దావుద్, పెట్టె ఎత్తు."

అతనేం విన్నాడో, ఏమంటున్నాడో రత్నావతికి ముక్క అర్థం కాలేదు. అర్థమైందల్లా పెట్టె పోతోందని. దాంతో వ్యాసం పోతుంది, స్కాలర్‌షిప్పు పోతుంది, కూతురు టీచరమ్మ అవుతుందని తోటంతా చెప్పుకున్న నాన్న పరువు కూడా పోతుంది. ఈ పాడు సబ్జెక్టు ఎందుకు పట్టుకున్నానా అని మొదటిసారి తనను తాను తిట్టుకుంది.

దేవుడమ్మకు ఇంగ్లీషు రాదు. కానీ కూతురి మొహం చూసింది, జీపు వైపు కదిలిన పెట్టెను చూసింది. అంతే, కొంగు బిగించి పెరట్లోకి పరుగెత్తింది. కంచె దగ్గర నిలబడి, ఆ తోటలో అంతకు ముందెప్పుడూ ఎవరూ విననంత గట్టిగా కేక పెట్టింది.

"మావో...! ఓ మావో...! బేగి రా మావో! పాపని ఎత్తుకుపోతన్నారు!"

క్రాస్బీ ఒక్క గెంతు గెంతి కోళ్ల గూడు వెనక నక్కాడు. చేతిలోకి రివాల్వర్ వచ్చేసింది. చూపు అడవి మీద ఉంది. "అందరూ కింద పడుకోండి!" అని అరిచాడు. కోళ్లు గోల పెట్టాయి. దావుద్ మాత్రం పెట్టె పట్టుకుని అలాగే నిలబడి, దొరకు ఏమైందా అని చూశాడు.

అడవిలోంచి ఎవరూ రాలేదు. వాగు వైపు నుంచి ఒక గొడుగు వచ్చింది. గొడుగు కింద కూర్మయ్య, ఒక మేజోడు జారి బూటు మీద పడి ఉండగా, రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు.

"ఆగు! ఎవరు నువ్వు?"

"హెడ్ క్లర్క్ కూర్మయ్య, సర్."

"ఆమె మావోని పిలిచింది. మావో ఎక్కడ?"

కూర్మయ్య భార్య వంక చూశాడు. కూతురి వంక, పెట్టె వంక, తన మీదికి తిరిగి ఉన్న తుపాకీ వంక చూశాడు. ఆయనకు విషయం తెలిసొచ్చింది. ఇన్నాళ్లూ సిగ్గుపడుతూ వచ్చినదాన్నే ఒక తెల్లదొర ముందు ఒప్పుకోవలసి వచ్చింది. గొడుగు దించి, నిటారుగా నిలబడి అన్నాడు.

"మావో అంటే నేనే, సర్."

రత్నావతికి అప్పుడు వెలిగింది. ముందు నవ్వొచ్చింది, ఆ తర్వాతే మాటలొచ్చాయి. "సర్, మా తెలుగులో మావ అంటే అమ్మ తమ్ముడు. మా అమ్మ తన మేనమామనే పెళ్లి చేసుకుంది. మావను దూరం నుంచి పిలిస్తే మావో అవుతాడు. కర్ఫ్యూ వేళకు ఇంటికి రమ్మని రోజూ పిలుస్తుంది. పీకింగ్‌లో ఉన్నాయన ఎవరో ఆవిడకు తెలియదు. ఆయన నా పెట్టెలో ఉన్నాడు. ఆవిడ మావో ఇదిగో, ఇక్కడున్నాడు."

క్రాస్బీ మెల్లగా లేచాడు. మోకాలికి కోడిరెట్ట అంటింది. దావుద్ మీద కళ్లెర్రజేశాడు. "నువ్విక్కడ ఏళ్లుగా ఉన్నావు. ఈ కేక వినలేదా?"

"విన్నాను, తువాన్. మావు అంటోంది అనుకున్నాను. మా మలాయిలో మావు అంటే కావాలి. ఈ మక్చిక్‌కి, ఈ పెద్దమ్మకి, పాపం రోజూ సాయంత్రం ఏదో కావాలి కాబోలు అనుకున్నాను."

క్రాస్బీ ముక్కుతో పాటు చెవులు కూడా ఎర్రబడ్డాయి. పెట్టె తీసుకెళ్లాలంటే రిపోర్టు రాయాలి. రిపోర్టు రాయాలంటే ఈ ఇంటికి ఎందుకొచ్చాడో రాయాలి. ఒకామె తన మొగుణ్ణి ఇంటికి పిలిచిందని రాస్తే స్టేషనంతా ఏడాది పాటు నవ్వుకుంటుంది. అతను కాగితాలు వరసగా సర్ది పెట్టెలో పెట్టాడు. మూత కూడా తనే వేశాడు.

"యూనివర్సిటీ సంగతి యూనివర్సిటీ చూసుకుంటుంది. గుడ్ ఆఫ్టర్‌నూన్, మిస్."

జీపు మలుపు తిరిగేదాకా ఎవరూ కదల్లేదు. తిరిగాక రత్నావతి పెట్టె మీదే కూలబడి, నవ్వుతూనే భోరుమని ఏడ్చింది. గుండెల మీద నుంచి బండ దిగింది. కూర్మయ్య వంగి, జారిన మేజోడు పైకి లాక్కుని, మళ్లీ ఆఫీసుకు వెళ్లాడు.

ఆ సాయంత్రం కర్ఫ్యూ వేళ దగ్గరపడినా పెరట్లో చప్పుడు లేదు. దేవుడమ్మ వంటింట్లో మూతి బిగించుకుని కూర్చుంది. కాసేపటికి వాగవతల నుంచి, ఎన్నడూ గొంతెత్తని కూర్మయ్య గొంతు వినిపించింది.

"ఏటే, ఇయ్యాల పిలవ్వేటి?"

"పిలిస్తే తుపాకులొస్తన్నాయి కదా!" అంది ఆవిడ కిటికీలోంచి.

"రానీ! నువ్వు పిలు lah. పిలవకపోతే నానెలా వత్తాను?"

రత్నావతి టైపు కొట్టడం ఆపింది. దేవుడమ్మ కంచె దగ్గరికి నడిచి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, తోటంతా వినపడేలా పిలిచింది.

"మావో...! ఓ మావో...!"

గేటు దగ్గరి కాపలా గది నుంచి దావుద్ గొంతు, నవ్వు ఆపుకోలేక, అంతే గట్టిగా బదులిచ్చింది. "తక్ మావూ...!"

వద్దట.

"ఇన్నావా? ఆడికి వద్దంట" అంది దేవుడమ్మ, ఈసారి కాస్త తగ్గిన గొంతుతో. "నాకు కావాల. రా మావా."

కూర్మయ్య గొడుగు మూసి, వాగు దాటి ఇంటికొచ్చాడు.