తాడు వదలని గొంతు

హెడ్‌ఫోన్స్‌లో యెహోషువ చిన్నగా దగ్గి, పాట అందుకున్నాడు.

తుఫానులో అతను పడవతో సహా కనిపించకుండా పోయి ఏడాది దాటింది. గొంతు మాత్రం కిషోర్ బాబు ల్యాప్‌టాప్‌లో మిగిలింది. జువ్వలదిన్నె హార్బరు పక్కన మూతపడిన ఐస్ ఫ్యాక్టరీలో, ఆ గొంతు చుట్టూ వాళ్ళ రాక్ బ్యాండు ఆల్బమ్‌లో చివరి పాట తయారవుతోంది. యెహోషువ చెల్లెలు కెజియా పాడుతుంది. కలీం డ్రమ్స్ వాయిస్తాడు. గిటారూ, రికార్డింగూ కిషోర్ బాబువి.

పాటకు ఆధారం, ఒడ్డున నిలబడి అలివి వల లాగేటప్పుడు వినిపించే పిలుపు. ఒకడు పిలుస్తాడు. తాడు పట్టినవాళ్ళు హైలెస్సా అని బదులిస్తూ లాగుతారు. యెహోషువ సగం పిలుపు రికార్డు చేసి, మిగతాది వచ్చాక పాడతానని వేటకు వెళ్ళాడు.

"అన్నొచ్చి పూర్తి చేస్తాడు. అందాకా సగంతోనే ఆపుదాం," అంది కెజియా.

"సగంలో ఎట్టా ఆపేది? బిర్యానీకి దమ్ము పెట్టకుండా దించినట్టుంటాది," అన్నాడు కలీం.

"నువ్వు వాయించు చాలు, వంటమాస్టరూ."

అప్పుడే కెజియా తల్లి కరుణాకుమారి క్యారియరుతో లోపలికి వచ్చింది. స్పీకర్లో కొడుకు గొంతు విని గుమ్మంలోనే నిలబడిపోయింది. వయసులో ఉన్నప్పుడు ఆమె కూడా వల లాగిన మనిషే.

"చివరి పిలుపు ఏదే?" అంది.

"అన్న పాడలేదమ్మా."

"తాడొదులు అని పిలిచేదాకా ఎవురూ తాడు ఇడవకూడదు. పిలిచేవాడు కూడా ఆపకూడదు. వాడి గొంతు పోతే, వాడి ఇంటోళ్ళు ఎవురైనా ఆ మాట అనాల."

"అంటే అన్న లేడని నన్ను చెప్పమంటావా?"

తల్లి గోడవారగా కూర్చుంది.

టేక్ మొదలైంది. యెహోషువ పిలిచాడు, ముగ్గురూ బదులిచ్చారు. అతను పాడిన సగం అయిపోయింది. ఆపమని సైగ చేయడానికి కిషోర్ బాబు చెయ్యెత్తాడు.

పిలుపు ఆగలేదు.

కిషోర్ బాబు స్క్రీన్ వైపు చూశాడు. యెహోషువ చానల్లో శబ్దపు అలలేమీ లేవు, సన్నటి గీత మాత్రం సాగుతోంది. అయినా ముగ్గురి చెవుల్లోనూ అదే గొంతు. యెహోషువ ఎన్నడూ పాడని పాదాలు పాడుతోంది.

"ఆపరా కలీం," అన్నాడు కిషోర్ బాబు.

"నా చేతులు నా మాట యినడంల్యా అన్నా." కలీం ముఖం పాలిపోయింది. అరచేతులు చిట్లి, స్టిక్స్ ఎర్రబడుతున్నాయి.

కెజియాకు ఆ గొంతు వింటూ ఉండిపోవాలనిపించింది. ఏడాదిగా ఆమె కోరుకున్నది అదే. కానీ గొంతు మారుతోంది. బొంగురుపోతోంది. ఉప్పునీళ్ళు మింగుతూ పిలుస్తున్నట్టుంది. అన్న ఇష్టంతో పాడడం లేదని ఆమెకు అర్థమైంది. ఆగమని చెప్పేవాళ్ళు లేక పిలుస్తున్నాడు.

తల్లి వైపు చూసింది.

కెజియా మైకు దగ్గరికి జరిగింది.

"తాడొదులు," అని పిలిచింది.

స్టిక్స్ కలీం చేతుల్లోంచి జారి నేల మీద దొర్లాయి. హెడ్‌ఫోన్స్‌లో ఇక ఏమీ లేదు.

కొంతసేపటికి కిషోర్ బాబు టేక్ మొదటినుంచి పెట్టాడు. డ్రమ్స్ ఉన్నాయి, గిటారు ఉంది, బదులు పలికిన గొంతులున్నాయి. యెహోషువ ఎక్కడా లేడు. పాత ఫైలు తెరిచాడు. అదీ ఖాళీ. పెన్‌డ్రైవ్‌లో దాచిన కాపీ కూడా అంతే. కెజియా కళ్ళు తుడుచుకోలేదు.

టేక్ చివరిదాకా వచ్చింది. ఆమె పిలుపు తర్వాత, తడి ఇసుకలో అడుగులు వినిపించాయి. దగ్గరవుతున్నాయి. కిషోర్ బాబు గబుక్కున మౌస్ పట్టుకున్నాడు.

"ఆపబాక," అంది కెజియా.

అడుగులు మైకు దాకా వచ్చి ఆగాయి. ఎవరో ఊపిరి వదిలారు, పెద్ద బరువు దించినట్టు. రికార్డింగు అక్కడితో అయిపోయింది.

కరుణాకుమారి లేచి, కూతురి భుజం మీద చెయ్యి వేసింది. "పాస్టర్ గారి దగ్గరికి పోదాం పా. వాడికి ప్రార్థన చేయించాల."

కెజియా తలూపింది.

"ఆ చివరిది కట్ చేసేదా?" కిషోర్ బాబు మెల్లగా అడిగాడు.

"ఉండనీ," అంది కెజియా, చెప్పులు వెతుక్కుంటూ.