దిండ్లక్క అడగాల్సిన ప్రశ్న

దిండ్లక్క కొట్లో దిండు కొనాలంటే ముందు పడుకోవాలి. వచ్చింది ఎంత పెద్దమనిషైనా సరే, చెప్పులు విప్పి గోడవార మంచం మీద వాలాల్సిందే. ఆవిడ కబుర్లు చెబుతూనే ఉండేది. కాసేపటికి వాళ్ళు మొహమాటం మర్చిపోయి, వాళ్ళంతట వాళ్ళే అలవాటైన పక్కకి ఒత్తిగిలేవాళ్ళు. అప్పుడు మెడకింద సందు చూసి, దిండు సంచిలో రెండు గుప్పెళ్ళ దూది కుక్కడమో, ఒక గుప్పెడు లాగడమో చేసేది. అత్తగారు నేర్పిన విద్య. ఆ దిండు పట్టుకెళ్ళినవాళ్ళు మళ్ళీ మెడనొప్పి ఊసెత్తితే ఒట్టు.

అలాంటి కొట్టుకు నూకలు చెల్లాయి. భవనం పడగొడుతున్నాం, నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యమని యజమాని కాగితం పంపాడు. చుట్టుపక్కల ఇంకో కొట్టు దొరకలేదు. దిండ్లక్క అన్నయ్యకు పెద్ద పరుపుల షోరూం ఉంది. "ఒకటో తారీఖు నుంచి వచ్చి నా కౌంటర్లో కూర్చోవే. ఫోము దిండ్లు అమ్ముదువుగాని. ఈలోగా ఏ సంగతీ చెప్పు" అన్నాడు. మంచివాడే, ప్రేమగానే అన్నాడు. కానీ ఇరవై ఏళ్ళు దూదిలో ఆడిన చెయ్యి, ఇక ఎవరో చేసిన దిండ్లకు బిల్లులు రాయాలంటే ఆవిడకు ప్రాణం ఒప్పలేదు.

"ఆన్‌లైన్‌లో పెడదాం వదినా" అన్నాడు మరిది. అతనిది కంప్యూటర్ల ఆఫీసులో ఉద్యోగం. తెల్లారేసరికి నలభైమూడు ప్రశ్నల చిట్టా రాసుకొచ్చాడు. పేరేం పెట్టాలి, దిండు పంపే పెట్టె ఎంత ఉండాలి, పెట్టె మీద పక్షి బొమ్మ వెయ్యాలా మేఘం వెయ్యాలా... వారం రోజులు ఆ మేఘం దగ్గరే గడిచిపోయాయి. మేఘాన్ని నాలుగు రకాలుగా గీశాడు మహానుభావుడు!

దిండ్లక్కకు ఒళ్ళు మండి చిట్టా లాక్కుంది.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ వ్యవహారం. ఇందులో ఏది తేడా వస్తే కొంప మునుగుతుందో అది చెప్పు ముందు."

మరిది బుర్ర గోక్కున్నాడు. "పెట్టె చిరిగితే?"

"ఇంకాస్త గట్టిది తెస్తాం."

"పేరు జనానికి నచ్చకపోతే?"

"మారుస్తాం. అది కాదయ్యా, నా కళ్ళెదుట పడుకోని మనిషికి నేను దిండు కుట్టగలనా? అదేదీ ఇందులో?"

నిజంగానే లేదు. మరిది మొహం చిన్నబోయింది. కానీ బుద్ధిమంతుడు, వెంటనే తేరుకున్నాడు. "అయితే సైటూ వద్దు, మేఘమూ వద్దు. వేరే ఊళ్ళలో మా ఆఫీసువాళ్ళు ఎనిమిదిమంది ఉన్నారు. ఫోన్లో అడిగి కుట్టి పంపు వదినా. ఊరికే ఇద్దాం, ఉన్నమాట చెప్పమందాం."

ఎలా పడుకుంటారు, బరువెంత, ఇప్పుడున్న దిండు ఎత్తెంత, అన్నీ గుచ్చి గుచ్చి అడిగి ఎనిమిది దిండ్లు పంపింది. వారానికి కబుర్లు వచ్చాయి. ముగ్గురు భేషన్నారు. ఐదుగురు మెడ పట్టేసిందన్నారు. అందులో ఒకాయన "ఇది దిండా, దిమ్మా?" అనేశాడు. ఇన్నేళ్ళలో ఆ మాట పడలేదావిడ. దిండ్లక్కకు అన్నం సహించలేదు. ఇక కౌంటరే గతి అనుకుంటే ఏడుపు ముంచుకొచ్చింది.

మర్నాడు ఆదివారం. భోంచేసి, ముందుగదిలో ఓ కునుకు తీసి లేచాడు ఆవిడ మొగుడు. దిగులులో ఎవర్ని అడగాలో తెలియక ఆయన్నే అడిగింది.

"మీరెలా పడుకుంటారండీ?"

"వెల్లకిలా. పడుకున్నానంటే ఇటు చెయ్యి అటు కదపను."

"ఆహా! ఇప్పుడేగా బోర్లా పడి దిండుని చంకలో ఇరికించుకున్నారు! పెళ్ళయినప్పట్నుంచీ చూస్తున్నా, ఒక్క పూట వెల్లకిలా పడుకున్న పాపాన పోలేదు."

"నేనా?"

"మీరు కాక పక్కింటాయనా?" అని నవ్వబోయి ఠక్కున ఆగిపోయింది. "నా మతి మండా! నిద్రపోయేవాణ్ణి పట్టుకుని నిద్ర సంగతి అడిగితే వాడికేం తెలుస్తుంది!"

ఆ సాయంత్రమే ఐదిళ్ళకూ ఫోన్లు చేసింది. ఈసారి పడుకునేవాళ్ళతో కాదు, పక్కనుండేవాళ్ళతో మాట్లాడింది. దిమ్మ అన్నాయన భార్య పకపకా నవ్వింది. "వెల్లకిలానా? మా ఆయనా? గోడవైపు తిరిగాడంటే తెల్లారేదాకా ఇటు చూడడమ్మా!" ఒక కుర్రాడి సంగతి వాళ్ళమ్మ చెప్పింది, ఇంకొకాయన సంగతి గదిలో తోడుండే స్నేహితుడు చెప్పాడు. ఒకావిడ మాత్రం "నేనొక్కదాన్నే ఉంటానండీ, ఎవర్నడుగుతారు?" అంది. దిండ్లక్క "లేవగానే, సర్దకుండా, పాత దిండుకి ఫోటో తీసి పంపండి తల్లీ" అంది. ఫోటో వచ్చింది. తల ఆన్చిన గుంట నడుమ లేదు, అంచున ఉంది. దిండ్లక్కకు మనిషిని చూసినంత పనైంది.

ఐదు దిండ్లూ మళ్ళీ కుట్టి పంపింది. నాలుగు కుదిరాయి. ఐదోదాంట్లో ఇంకో గుప్పెడు తియ్యాలట, అంతే. ఒంటరావిడ పొద్దున్నే ఫోన్ చేసి, లేచాక మెడ నొక్కుకోకుండా కాఫీ తాగి ఎన్నాళ్ళయిందో అంది. దిమ్మ అన్నాయన భార్యకు మాత్రం కోపమొచ్చింది. "తొమ్మిదైనా లేవకుండా ఆఫీసు ఎగ్గొట్టాడు. నాకూ ఒకటి పంపండి, ఇద్దరం కలిసే ఎగ్గొడతాం!" దిండ్లక్క నవ్వి నవ్వి దూదిమూట మీద కూలబడింది. మరిదిని పిలిచి "ఇక గీసుకో నాయనా, నీ ఇష్టమొచ్చినన్ని మేఘాలు" అంది.

నెలాఖరుకు ఇంకా నాలుగు రోజులుండగా అన్నయ్యకు ఫోన్ చేసింది.

"ఒకటో తారీఖుకి వస్తున్నావుగా?"

"రావట్లేదన్నయ్యా. ఇంట్లోనే కుట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతా."

"మనిషిని చూడకుండా దిండేంటే, పిచ్చిదానా?"

"చూడకుండా కుదురుతుందని తేలింది."

"సరే కుదిరింది. ఎవరూ కొనకపోతే?"

"అదింకా తెలీదు. ఇప్పుడు అది తేల్చుకుంటా."

పిలిచి అన్నం పెడతానన్న మనిషిని నొప్పించానేమో అనుకుంది దిండ్లక్క. అన్నయ్య దగ్గాడు. చుట్టూ పనివాళ్ళున్నారేమో, గొంతు బాగా తగ్గించాడు.

"అయితే ముందు నాకొకటి కుట్టు. రెండు నెలలుగా మెడ తిరగట్లేదే."

"అదేంటన్నయ్యా! షోరూం నిండా దిండ్లు పెట్టుకుని..."

"అవి అమ్మడానికే, తల్లీ."