ఉప్పక్క గీసిన గీత

గాజు సీసా మూత తీసి, లోపలున్న ఉప్పుగడ్డను పొడిగుడ్డతో తుడిచి, మళ్ళీ మూత బిగించిందామె. ఆఫీసుకు రాగానే కంప్యూటర్ కంటే ముందు ఈ పని. రాత్రిపూట ఏసీ ఆపేస్తారు కాబట్టి తెల్లారేసరికి గడ్డకు చెమట పడుతుంది. సముద్రం అడుగున, ఎంతో లోతులోంచి పైకి తెచ్చిన ముక్క అది. పిడికిలి కన్నా కొంచెం పెద్దది, మసిపట్టిన గాజులా ఉంటుంది. ఒక పక్క చిన్న గుంట. ఆ గుంట మనుషులు చేసిందే. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళెవరైనా "నిజంగా ఉప్పేనా?" అంటూ దానికి నాలుక ఆనిస్తారు. ఆమె వద్దనదు. వాళ్ళు పెట్టే మొహం చూసి, నవ్వు ఆపుకుని, మంచినీళ్ళ గ్లాసు అందిస్తుంది. తర్వాత గడ్డను గట్టిగా తుడుస్తుంది.

అందరికీ ఆమె ఉప్పక్క. పై అధికారులు కూడా మీటింగుల్లో "ఉప్పక్కగారు ఏమంటారు?" అనే అడుగుతారు. అసలు పేరు జీతం కాగితాలకే పరిమితమైపోయింది.

ఆమె పని చెప్పుకోవడానికి చిన్నది. సముద్రం మీద ఓడ కిందికి శబ్దాలు పంపుతుంది. అవి ఒక్కో పొరకూ తగిలి తిరిగొస్తే, నలుపు తెలుపు చారల బొమ్మ తయారవుతుంది. ఆ బొమ్మలో ఉప్పు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో ఆమె గీత గీయాలి. ఎప్పుడో ఎండిపోయిన సముద్రం మిగిల్చిన ఉప్పు అది. పైన మట్టీ ఇసుకా పేరుకుని బరువు పెరిగేకొద్దీ, అది మిగతా రాళ్ళలాగా కదలకుండా పడి ఉండదు. ముద్దలా నలిగి పక్కకు జరుగుతుంది, సందు దొరికిన చోట పైకి ఉబుకుతుంది. పై పొరల్ని వంచుతుంది, విరుస్తుంది, తాను ఖాళీ చేసిన చోట పల్లాలు మిగులుస్తుంది. దాని కిందికి గ్యాస్ చేరిందంటే ఇక బయటికి రాలేదు, ఉప్పు రానివ్వదు. అందుకే గ్యాస్ వెతికేవాళ్ళకు ఉప్పంటే అంత ఆశ. వాళ్ళను ఏడిపించుకు తినేదీ ఆ ఉప్పే. దాన్ని దాటేటప్పుడు శబ్దం దారి తప్పుతుంది, అడుగున బొమ్మ మసకబారిపోతుంది.

ఆమె చేరిన కొత్తలో ఈ బొమ్మలు గోడపొడుగునా వేలాడే కాగితపు చుట్టలు. ఉప్పుకు గులాబీ రంగు పెన్సిలు. సాయంత్రం ఇంటికెళ్తే మోచేతుల దాకా గులాబీ రంగే. "పెళ్ళికూతురు వచ్చిందిరోయ్!" అని తమ్ముడు గుమ్మంలోనే గోల చేసేవాడు. అప్పుడు వాడు స్కూల్లో ఉన్నాడు. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది ఈమే. రోడ్డు దాటే చోటు ఇంకా ఎంతో దూరం ఉండగానే వాడి మణికట్టు పట్టేసుకునేది. "రోడ్డు ఇంకా రాలేదే అక్కా!" అని గింజుకునేవాడు. "వస్తుంది, నడు" అనేది. సంబంధాలు వస్తే "వాడి చదువు కానీండి" అంది. చదువయ్యేసరికి సంబంధాలు రావడం మానేశాయి. దానికి ఆమె పెద్దగా దిగులు పడిందీ లేదు.

ఆ తమ్ముడు ఇప్పుడు సముద్రం మీద, గ్యాస్ బావి తవ్వే రిగ్గు మీద ఉన్నాడు. బావి తవ్వేటప్పుడు లోపలికి పంపే బురదనీళ్ళ బరువు చూడడం వాడి పని. నీళ్ళు తేలికైతే ఉప్పు నొక్కుకొచ్చి బావినే పూడ్చేస్తుంది. ఆ బావి ఈమె గీసిన గీతను ఈ రోజే దాటబోతోంది.

పొద్దున వంటింట్లో మరదలు డబ్బా కడుతూ అడిగింది.

"ఈ రోజేనా వదినా?"

"ఈ రోజే."

"ఆ గీత మీరు గీసిందేగా?"

"నేనే గీశాను."

మరదలు సరిగ్గానే పడిన డబ్బా మూతను తీసి మళ్ళీ పెట్టింది, మళ్ళీ తీసింది.

గొడవంతా ఉప్పు అడుగు దగ్గరే. బావి దిగే చోట మసకలో రెండు చారలున్నాయి, ఒకటి పైన, ఒకటి బాగా కింద. అడుగు పైదే అంది ఉప్పక్క. కిందిదే అన్నాడు ఆఫీసులో ఇదే పని చేసే పక్క బల్లాయన. ఆయన తెలివితక్కువవాడేమీ కాదు, ఆయన చూపించిన లెక్కలు చక్కగానే ఉన్నాయి. పైదాన్ని నమ్మితే ముందుగానే ఆగి, బావికి ఉక్కుగొట్టం తొడిగి, సిమెంటు పోసి, అప్పుడు దాటాలి. అడుగు నిజంగా కిందే ఉంటే ఆ ఆలస్యమంతా దండగ, అందరి చేతా తిట్లు. కిందిదాన్ని నమ్మినప్పుడు అడుగు పైనే వచ్చేసిందంటే మాత్రం, గొట్టం లేని బావిలోకి గ్యాస్ తన్నుకొస్తుంది. పైన మనుషులుంటారు. పెద్దాఫీసరు ఇద్దరి గీతలూ చాలాసేపు చూసి, "తిట్లే కదా, తిందాం. అక్క గీతే ఉంచండి" అన్నాడు.

ఆ రోజు పక్క బల్లాయన మెల్లిగా అడిగాడు.

"కోపం తెచ్చుకోకండి అక్కా. మీ తమ్ముడు అక్కడ లేకపోతే గీత ఎక్కడ గీసేవారు?"

'అక్కడే' అనాలనుకుంది. కళ్ళు మళ్ళీ ఆ రెండు చారల మీదికే పోయాయి. అప్పట్నుంచి ఆ ప్రశ్న ఆమెకు కునుకు పట్టనివ్వలేదు. గీత గీసింది తన కన్నేనా, లేక తన భయమా? బతుకంతా ఈ గీతలే గీసింది. చివరిది భయంతో గీసి ఉంటే, మిగతావాటికి మాత్రం ఏం విలువ? ఉద్యోగం చేసే వయసు దాటినా, ఈ బావి ఉప్పు దాటేదాకా ఉంటానని అడిగి మరీ ఉంది.

మధ్యాహ్నం డబ్బా తెరిచింది కానీ ముద్ద దిగలేదు. ఇంకో బొమ్మ ముందు కూర్చుని, గీసిన గీతనే చెరిపి మళ్ళీ గీసింది. పక్క బల్లాయన టీ తెచ్చి పెట్టాడు. తన కప్పు కూడా ముట్టుకోకుండా ఆమె పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. రెండు టీలూ చల్లారిపోయాయి.

ఫోను మోగింది. వెనక యంత్రాల హోరు.

"అక్కా, నేనే."

"చెప్పరా."

"ఉప్పు అయిపోయింది. నువ్వు గీసిన చోట మాత్రం కాదు."

ఆమె ఫోను చెవికి అదుముకుంది. "మరి?"

"నీ గీత కన్నా పైనే! రెండంతస్తుల మేడంత పైన. గొట్టం ఆపామే, దానికి కాస్త కిందే తగిలింది. దాటామో లేదో గ్యాస్ ఒక్క తోపు తోసింది. పైన మూత బిగించేసి, నీళ్ళ బరువు పెంచాం. అణిగింది. గొట్టం ఉంది కాబట్టి సరిపోయింది. ఇప్పుడందరం టీ తాగుతున్నాం."

"నువ్వు కూడా?"

"నేను కూడా. పంచదార మరీ ఎక్కువేశాడు."

ఆమె కళ్ళు మూసుకుంది. గుండెల మీంచి బరువు దిగిపోతుంటే ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే కన్నీళ్ళొచ్చాయి.

"ఇంకాస్త భయపడాల్సింది" అంది.

"ఏంటీ?"

"ఏం లేదురా. మీ ఆవిడకి చేశావా?"

"ముందు నీకే."

"బుద్ధుందా? పెట్టేసి దానికి చెయ్యి!"

పక్క బల్లాయన కళ్ళద్దాలు తీసి చొక్కాకు తుడుచుకుంటున్నాడు. చెప్పకుండానే అంతా అర్థమైంది ఆయనకు. "నా గీత నమ్మి ఉంటే..." అన్నాడు.

"నమ్మలేదుగా. నాదీ తప్పే. కాకపోతే మీది పెద్ద తప్పు, నాది చిన్న తప్పు."

ఆయన నవ్వాడు. "మొదట్లో మీదే తప్పు కావాలనుకున్నానక్కా. తర్వాత్తర్వాత, ఎవరిది తప్పైనా సరే, వాళ్ళు బాగుంటే చాలనిపించింది."

"నాకూ అంతే" అంది ఆమె. కన్ను గీసిందో భయం గీసిందో ఇప్పటికీ తెలియలేదు. తెలియకపోయినా ఫరవాలేదనిపించింది, చాలా రోజుల తర్వాత ఆకలి కూడా వేసింది. డబ్బా తెరిచి, ఆయనకింత పెట్టి, మిగతాదంతా తినేసింది.

సాయంత్రం సామాను సర్దుకుంది. దువ్వెన, పాత కళ్ళజోడు, కుర్చీలో వేసుకునే దిండు, అరంగుళం మిగిలిన గులాబీ పెన్సిలు. ఉప్పుగడ్డ సీసాను కూడా సంచిలో పెట్టి, ఒక్క క్షణం ఆలోచించి పైకి తీసింది. ఇల్లు సముద్రం పక్కనే. మరదలికి కిటికీలు మూస్తే ఊపిరాడదు. వానాకాలం వచ్చేసరికి గడ్డ కాస్తా నీళ్ళైపోతుంది. సీసానూ పొడిగుడ్డనూ పక్క బల్ల మీదికి జరిపింది.

"రోజూ తుడవండి బాబూ. బద్ధకిస్తే కరిగిపోతుంది."

"అలాగేనక్కా. మీరెప్పుడైనా రుచి చూశారా?"

ఆమె ఆలోచించింది. ఎప్పుడూ చూడలేదు. అటూ ఇటూ చూసి, మూత తీసి, గుంట దగ్గర నాలుక ఆనించింది.

"ఉప్పే!" అంది, ఇన్నాళ్ళూ అనుమానమున్నదానిలా. ఆయన పకపకా నవ్వుతూ ఇచ్చిన నీళ్ళు తాగి, సంచి భుజాన వేసుకుని, "వస్తా" అని లిఫ్టు వైపు నడిచింది. ఇంట్లో మరదలు ఎదురుచూస్తూ ఉంటుంది.

బల్ల మీద, మూత పెట్టడం ఇద్దరూ మరిచిపోయిన సీసాలో, ఉప్పుగడ్డ గుంటలో ఆ తడి కాసేపు మెరిసి, మెల్లగా ఆరిపోయింది.