ముల్లు లేని ఈగ

నేను ఒక ఈగను. బెల్లం మీద వాలేదాన్ని కాదు, చేపలకి ఎరగా నీళ్ల మీద వాలేదాన్ని. చిటికెన వేలి కణుపంత ఇనుప గాలం నా ఒళ్లు. దాని చుట్టూ ఎర్రటి డేగపుంజు మెడ ఈకలు, వాటి మీద చుట్టలు చుట్టలుగా జరీ పోగు. ఎండలో నేనెంత మెరుస్తానో చెబితే గొప్పలనుకుంటారు గాని, ఒకసారి తూనీగ కూడా మోసపోయి వచ్చి నా పక్కన వాలింది. ఆ రోజంతా నాకు పండగే.

నన్ను కట్టినాయన చయనులు, కాలువ చివరి లాకులో గుమాస్తా. కాలువల్లో పడవలు ఇంకా తిరుగుతున్న రోజులవి. లాకంటే రెండు జతల తలుపులు, మధ్యలో పెద్ద తొట్టి. పడవ తొట్టిలోకి రాగానే వెనక తలుపులు మూసి, నీళ్లు దించి, ముందు తలుపులు తెరుస్తారు. పైన మంచినీరు, కింద ఉప్పుటేరు. వచ్చినవాళ్లని దాటించి పంపడమే ఆయన ఉద్యోగం. ముప్పయ్యారేళ్లు వచ్చినా పెళ్లి కాలేదు. సంబంధాలు రాకపోలేదు. ఈయన ఔననో కాదనో చెప్పేలోపు ఆ పిల్లల బిడ్డలకి అక్షరాభ్యాసాలు అయిపోయేవి.

క్వార్టర్స్ అటక మీద ఎప్పుడో ఒక దొర వదిలేసిన వెదురు గాలపు కర్ర, బొమ్మల పుస్తకం దొరికాయి. ఆ బొమ్మలు చూసే, ఈకల ఈగలు కట్టి చేపలు పట్టే ఈ విద్య నేర్చుకున్నాడు. ఇందులో ఎరకి బరువుండదు, బరువంతా దారానిదే. దాన్ని తల మీదుగా వెనక్కీ ముందుకీ ఆడించి వదిలితే నేను గాల్లో తేలుకుంటూ వెళ్లి నీళ్ల మీద ముద్దులా దిగుతాను.

చేపకో మర్యాద. పిల్లల్ని కాచుకునే కొర్రమీను నన్ను చూడగానే కయ్యానికి వస్తుంది. బొచ్చె పెళ్లిచూపులకి వచ్చిన అత్తగారిలా చుట్టూ తిరిగి, మూతి విరిచి పోతుంది. ఉప్పునీటి మాగ అందుకుందంటే దారం పట్టుకుని సముద్రం దాకా పరుగే. పోటు నీళ్లతో పండుగప్ప వస్తే 'టప్' మని ఒకటే చప్పుడు, నా లోకమంతా చీకటి.

అయినా వీళ్లెవరూ నాతో ఉండలేదు. గాలం కొనకి లోపలివైపు చిన్న ముల్లుంటుంది. పడినదాన్ని జారిపోకుండా ఆపేది అదే. చయనులు నన్ను కట్టకముందే పటకారుతో దాన్ని నొక్కేశాడు. చేప నోరు చిరిగితే ఆయన చూడలేడు. నీచు ముట్టని ఇల్లు, వండుకునేదీ లేదు. తడి వేళ్లతో నన్ను మెల్లగా తప్పించి చేపని నీళ్లలో వదిలేసేవాడు.

ఇదంతా చూసి ముత్యాలు పకపకా నవ్వేది. ప్రతి గురువారం తన అన్న పోతురాజు పడవలో ఎండుచేపల గంపలతో లాకు దాటే మనిషి. మొగుడు సముద్రంలో పోయి ఆరేళ్లయింది.

"ఏటండీ పంతులుగోరూ, ఈగలు తోలుకుంటన్నారా?"

"తోలడం కాదు ముత్యాలూ, కడుతున్నా."

"తినరు, అమ్మరు. మరెందుకండీ పట్టడం?"

"చూడ్డానికి."

"అయ్యో రాత! మీకు పట్టుకోడం వచ్చు గాని ఉంచుకోడం రాదండీ."

ఆయన నవ్వి తల దించుకునేవాడు. కాకి ఈకలతో కట్టిన ఈగలు మునిగిపోతున్నాయని ఆయన ఒకసారి వాపోతే, మరుసటి వారం ఆమె తమ డేగపుంజు మెడ ఈకలు తమలపాకులో చుట్టి తెచ్చింది. ఆయన తన చిరిగిన మడిపంచె అంచు నుంచి జరీ పోగు లాగాడు. అలా పుట్టాను నేను. పందెం కోడి ఈక, మడిపంచె జరీ. ఊళ్లో అయితే ఒక అరుగు మీద కూడా కూర్చోనివ్వరు వాటిని. నా ఒంటి మీద మాత్రం హాయిగా కాపురం చేస్తున్నాయి.

గురువారాలు ఆయన కొత్తగా గడ్డం గీసుకునేవాడు. నన్ను చొక్కా జేబుకి గుచ్చుకునేవాడు. ఆయన గుండె చప్పుడు అందరికన్నా దగ్గరగా విన్నదాన్ని నేనే.

ఒక గురువారం పడవ తొట్టిలోకి వచ్చింది. ఎప్పటిలా నవ్వు వినపడలేదు.

"ఇదే ఆకరండీ," అంది ముత్యాలు. "పడవ అమ్మేత్తన్నాడు అన్న. బందరులో ఆళ్ల అత్తోరింటికాడికి పోతన్నాం."

"నువ్వు కూడానా?"

"ఉండమన్నోళ్లెవరండీ ఇక్కడ?"

అడిగి ఆయన మొహంలోకి చూసింది. ఆయన పెదవి కదిలింది. నా పక్కనే గుండె దబదబలాడింది. 'ఉండు' అనడానికి ఎంతసేపు? రెండక్షరాలు!

"అన్నగారు ఒప్పుకున్నారా?" అన్నాడు.

నీళ్లింకా దించలేదు. పడవ గట్టుకి సమంగా ఉంది. ఆమె తమలపాకు పొట్లం అందించబోయి ముందుకి వంగింది. చీర చెంగు జేబుకి రాసుకుంది. నేను పట్టేశాను.

"పట్టుకుందండీ మీ ఈగ," అంది. కదల్లేదు. చెంగు లాక్కోలేదు.

నాకు నోరుంటే అరిచేదాన్ని. ఉన్నదల్లా వంకర ఒళ్లు, దాంతోనే వేలాడాను. చయనులు రెండు వేళ్లతో, చేపని తప్పించినంత మెల్లగా, నన్ను చెంగు నుంచి తప్పించాడు.

"చిరగలేదులే," అన్నాడు. "ముల్లు లేదుగా."

ముత్యాలు చెంగులో పోగు కదిలిన చోట ఒకసారి నిమురుకుంది. "ఔనండి. లేదు," అంది.

ఆయన నీళ్లు దించే చక్రం తిప్పాడు. నీళ్లు దిగుతున్నాయి. ముందు ఆమె నడుము గట్టు కిందికి పోయింది, తర్వాత భుజాలు, తర్వాత పైకెత్తిన మొహం. చివరికి కొప్పులోని కనకాంబరాలు కూడా. కింద నుంచి పోతురాజు కేకేశాడు, "తలుపు తియ్యండి పంతులుగోరూ, పోటు తప్పిపోద్ది!"

తీశాడు. అది ఆయన ఉద్యోగం.

ఆ సాయంత్రం పొట్లం విప్పితే కట్టెడు ఈకలు. పదేళ్లకి సరిపడా ఇచ్చింది పిచ్చిది. కొత్త గాలం తీసి పటకారు చేతిలోకి తీసుకున్నాడు. పటకారు పక్కన పెట్టి, ముల్లు ఉన్నది ఉన్నట్టే ఉంచి ఈగ కట్టాడు.

ఇప్పుడు నేను కిటికీ చట్రానికి గుచ్చి ఉన్నాను. జరీ నల్లబడింది. పొద్దున్నే ఓ పూట ఎండ పలకరించి పోతుంది. గురువారాలు ఆయన గడ్డం గీసుకుని, ముల్లున్న ఆ కొత్తదాన్ని జేబుకి గుచ్చుకుని గట్టు మీద నిలబడతాడు. దానికింకా నీళ్లు తగల్లేదు, చెంగూ తగల్లేదు.

పడవలు వస్తాయి. లోపలికి తొంగి చూస్తాడు. తలుపులు తెరుస్తాడు.